మన మెయిల్ మన చేతిలోనే ఉండాలి!

మలికిపురం మండల ప్రజలకు విజ్ఞప్తి

దిండి, రామరాజులంక, గుడిమెళ్ళంక, లక్కవరం, శంకరగుప్తం, తూర్పుపాలెం, కేశనపల్లి, ఇరుసుమండ గ్రామాల్లోని అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, విద్యార్థులకు, గల్ఫ్‌లో కష్టపడుతున్నవారి కుటుంబాలకు ఈ విజ్ఞప్తి.

ఈ కాగితం అందుకున్నవారు ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. మీ పేరు మీద ఉన్న మెయిల్ ఎవరు తెరిచారు? దాని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు? రికవరీ నంబరుగా అందులో ఎవరి ఫోన్ ఉంది?

నెట్ సెంటర్ అబ్బాయి తెరిచాడు, ఏజెంటుగారు చూసుకుంటున్నారు, ఓటీపీ బావగారి ఫోన్‌కి వస్తుంది. మన మండలంలో చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఇదే. అంటే పేరు మనది, మెయిల్ వేరొకరిది. ఈ పరిస్థితి మారాలి. అందుకే ఈ కరపత్రం.

ఆ మెయిల్‌లో ఏముందో తెలుసా?

రాజోలు ప్రాంతం నుంచి కువైట్, ఖతార్, మస్కట్, దుబాయ్ వెళ్లినవారు లేని వీధి మన దగ్గర అరుదు. ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లుగా, వంటవాళ్లుగా వెళ్లిన మగవాళ్లు ఎందరో. పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టాలన్నా, విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పేరు నమోదు కావాలన్నా, వీసా కాపీ, టిక్కెట్టు రావాలన్నా మెయిల్ కావాలి. మెడికల్ రిపోర్టు, పని ఒప్పందం, బ్యాంకు కాగితాలు, పుట్టినతేదీ సర్టిఫికెట్ల స్కానులు అన్నీ చివరికి అక్కడికే చేరతాయి.

గల్ఫ్‌లో యజమాని జీతం ఆపాడనుకోండి. పాస్‌పోర్టు లాక్కున్నాడనుకోండి. భారత రాయబార కార్యాలయం ముందు నిలబడినప్పుడు చూపించడానికి మిగిలేది మెయిల్‌లో ఉన్న ఆ ఒప్పందం కాపీయే. అదే మెయిల్ పాస్‌వర్డ్ ఏజెంటు దగ్గర ఉంటే, ఒక్క నొక్కుతో ఆ సాక్ష్యం మాయం కావచ్చు. మన పాస్‌పోర్టు స్కాను మనకు తెలియకుండా ఇంకెక్కడికైనా పోవచ్చు. ఆ మెయిల్‌కు బ్యాంకు ఖాతా కలిపి ఉంటే, చెమటోడ్చి పంపిన డబ్బుకే ముప్పు.

చదువుకునే పిల్లల సంగతీ అంతే. ప్రవేశ పరీక్ష, స్కాలర్‌షిప్ సమాచారం, ఉద్యోగం ఆర్డరు చాలావరకు మెయిల్‌కే వస్తాయి. కొబ్బరి, రొయ్యల వ్యాపారుల బిల్లులు, పన్ను కాగితాలూ అక్కడే ఉంటాయి.

"మాకు దాచుకునేది ఏముందండీ?"

ఈ మాట అనకండి. మీ ఆరోగ్య పరీక్షల ఫలితం పక్కవాడికి ఎందుకు తెలియాలి? మీ అమ్మాయి ఫొటోలు, మీ అప్పు లెక్క, భర్త రాసిన మెయిల్ మూడో మనిషి ఎందుకు చదవాలి? తప్పు చేసినవాడికే గోప్యత కావాలనుకోవడం పొరపాటు. పరువుగా బతికే ప్రతి మనిషికీ అది కావాలి.

ఈ మాటను దేశ అత్యున్నత న్యాయస్థానంలో తొలినాళ్లలోనే గట్టిగా చెప్పినవాడు మన గోదావరి బిడ్డ. రాజమహేంద్రవరంలో 1902లో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు తడుతున్నారని ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం చెల్లదన్న మెజారిటీ న్యాయమూర్తులే, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు వారితో విభేదించారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని రాశారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆనాడు మైనారిటీగా మిగిలిన సుబ్బారావు గారి అభిప్రాయమే నేడు దేశానికి చట్టం.

2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. భద్రతలో విఫలమైన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు అందులో ఉంది. హక్కు ఉంది, చట్టమూ ఉంది. వాటిని వాడుకోవలసింది మనం.

ఉచితంగా ఇచ్చేవాడికి లాభం ఎక్కడిది?

గూగుల్ కంపెనీ జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మెయిళ్లలోని మాటలను యంత్రంతో చదివించి, దానికి తగ్గ ప్రకటనలు చూపించే పద్ధతి 2017 దాకా నడిచింది. ఆ ఏడాది ప్రకటనల కోసం మెయిళ్లు చదవడం ఆపుతామని గూగుల్ ప్రకటించింది. అయినా అదే ఖాతాతో మనం వెతికినవి, యూట్యూబ్‌లో చూసినవి, మ్యాపుల్లో తిరిగిన దారులు ఒక్క పేరు కింద పోగయ్యే ఏర్పాటు ఉంది. ఆ కంపెనీకి ప్రధాన ఆదాయం ప్రకటనలే.

యాహూ కథ ఇంకా ఘోరం. 2013లో జరిగిన చొరబాటులో 300 కోట్ల ఖాతాల వివరాలు దొంగల చేతికి చిక్కాయి. ఆ పూర్తి లెక్కను కంపెనీ 2017లో గానీ బయటపెట్టలేదు.

మామూలు మెయిల్ పోస్టుకార్డు లాంటిది. మోసుకెళ్లే కంపెనీ తలచుకుంటే చదవగలదు. గోప్యత ఇచ్చే కంపెనీలు దాన్ని కవరులో పెట్టి అతికిస్తాయి. అందుకే కంపెనీని ఎంచుకునే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. వీళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? మన చందా నుంచా, ప్రకటనల నుంచా?
2. మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తారా? అంటే కంపెనీవాళ్లు కూడా చదవలేనట్టు మార్చి దాస్తారా?
3. కంపెనీ ఏ దేశంలో ఉంది? ఏ చట్టానికి జవాబుదారీ?
4. రేపు నచ్చకపోతే మెయిళ్లన్నీ మూటగట్టుకుని బయటికి రానిస్తారా?
5. పాస్‌వర్డ్ మరిచిపోతే, సిమ్ పోతే, ఖాతా మళ్లీ ఎలా తెరుచుకోవాలి?

ఎవరెవరు ఉన్నారు?

జోహో మెయిల్: చెన్నై కంపెనీ. 1996లో పుట్టింది. మెయిల్‌లో ప్రకటనలు ఉండవు. మన దేశంలోనే డేటా సెంటర్లు ఉన్నాయి. 12 లక్షలమంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్లు జోహో వేదిక మీదికి మారినట్టు 2025లో వార్తలొచ్చాయి. అయితే మామూలుగా వాడితే, పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేని పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉండదు. భారత చట్టం ప్రకారం అధికారులు అడిగితే వివరాలు ఇవ్వాల్సిందే.

ప్రోటాన్ మెయిల్: స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో కలుసుకున్న శాస్త్రవేత్తలు 2014లో తెచ్చారు. మెయిల్ లోపలి విషయం కంపెనీకి కనబడదు. ఉచిత ఖాతాలో చోటు 1 జీబీ దాకానే. 2021లో స్విస్ అధికారుల చట్టబద్ధ ఆదేశం మేరకు ఫ్రాన్స్ ఉద్యమకారుడి ఐపీ చిరునామా నమోదు చేసి ఇవ్వాల్సి వచ్చింది. మెయిళ్లలోని విషయం మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే వాళ్లూ చదవలేరు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి: 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఈ సేవను దేశంలో నిలిపివేసే ప్రక్రియ మొదలుపెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి దీన్ని ఎంచుకున్నవారు రెండో చిరునామా కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

టూటా: జర్మనీలోని హనోవర్ కంపెనీ. మెయిల్ విషయంతో పాటు సబ్జెక్టు లైను కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ప్రోటాన్‌లో సబ్జెక్టు లైనుకు ఆ రక్షణ లేదు. టూటా ఉచిత ఖాతా ఆరు నెలలు తెరవకపోతే పోతుంది. ఓడల మీద పనిచేసేవారు, నెలల తరబడి మెయిల్ చూడనివారు దీన్ని ఎంచుకోవద్దు.

డబ్బు కట్టగలిగినవారికి జర్మనీ నుంచి పోస్టియో, ఆస్ట్రేలియా నుంచి ఫాస్ట్‌మెయిల్ ఉన్నాయి. పోస్టియో నెలకు ఒక్క యూరోతో మొదలవుతుంది. ఫాస్ట్‌మెయిల్‌లో ప్రకటనలు ఉండవు గానీ కంపెనీ చదవలేనంత ఎన్‌క్రిప్షన్ కూడా లేదు.

మా తీర్పు సూటిగా చెబుతున్నాం. పాస్‌పోర్టు, బ్యాంకు, చదువు, ఉద్యోగం పనులకు ప్రకటనలు లేని జోహో సరిపోతుంది. లోపలి విషయం కంపెనీకి కూడా తెలియకూడదనుకునేవారు, అంటే విలేకరులు, లాయర్లు, యజమాని మీద ఫిర్యాదు చేస్తున్న కార్మికులు, ఇంట్లో వేధింపులు ఎదుర్కొంటున్న ఆడవాళ్లు ప్రోటాన్ గానీ టూటా గానీ తీసుకోవాలి. సంవత్సరానికి వెయ్యి రూపాయల లోపు పెట్టగల వ్యాపారులు సొంత డొమైన్, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే సొంత పేరు కొనుక్కోండి. కంపెనీ మారినా చిరునామా మారదు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

ఎన్‌క్రిప్షన్ ఉన్న కంపెనీకి మారినంత మాత్రాన అంతా గోప్యం కాదు. ప్రోటాన్ నుంచి జీమెయిల్‌కు మామూలుగా రాస్తే అవతలివైపు జీమెయిల్ దాన్ని చదవగలదు. పాస్‌వర్డ్ పెట్టి పంపే వీలుంది, ముఖ్యమైన కాగితాలకు అది వాడండి. ఎవరికి, ఎప్పుడు రాశామన్న వివరం మాత్రం కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

ప్రోటాన్, టూటాల్లో పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీవాళ్లు పాత మెయిళ్లు తెరిచి ఇవ్వలేరు. వాళ్లు ఇచ్చే రికవరీ మాటలు, కోడ్ కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్నచోట పెట్టండి.

2022 మే నెలలో మన కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. కాబట్టి ముఖ్యమైన కాగితాల ప్రింటు ఒకటి ఇంట్లో ఉండాలి. మెమరీ కార్డులో కాపీ ఇంకొకటి ఉండాలి.

ఈ వారమే చేయండి

మొదటిది: మీ మెయిల్‌ను మీ సొంత ఫోన్‌లో తెరవండి. పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ నంబరులో ఏజెంటుది, నెట్ సెంటర్‌ది ఉంటే తీసేసి మీది పెట్టండి. ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూసి, అన్నిచోట్లా లాగౌట్ చేయండి. మెయిళ్లు వేరే చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి.

రెండోది: గల్ఫ్ వెళ్లేవారు ఓటీపీ కోసం ఇక్కడి సిమ్‌ను మాత్రమే నమ్ముకోవద్దు. రీచార్జి లేక ఆ నంబరు రద్దయితే, కనీసం 90 రోజుల గడువు తర్వాత కంపెనీ దాన్ని వేరేవారికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ వారికి వెళ్తుంది. విమానం ఎక్కకముందే, సిమ్ లేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. బ్యాకప్ కోడ్‌లు రాసి ఒక కాపీ వెంట తీసుకెళ్లండి, ఒకటి ఇంట్లో ఉంచండి.

మూడోది: కొత్త ఖాతా మీరే తెరవండి. చదువురానివారికి ఇంట్లో చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని తెరిపించాలి, పాస్‌వర్డ్ మాత్రం ఖాతా ఎవరిదో వారే తమ మనసుకు నచ్చింది పెట్టాలి. ఎక్కడా వాడనిది, పొడవుగా ఉండేది పెట్టండి.

నాలుగోది: పాత ఖాతా వెంటనే మూసేయకండి. బ్యాంకు, పాస్‌పోర్టు, ఆధార్, పీఎఫ్, కాలేజీల్లో ఒక్కొక్కటిగా చిరునామా మార్చండి. కనీసం ఏడాదిపాటు పాతదాన్ని అప్పుడప్పుడు తెరుస్తూ ఉండండి. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ తొలగిస్తుంది.

ఐదోది: మెయిల్ సెట్టింగుల్లో బయటి బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా ఆపండి. వ్యాపార మెయిళ్లలో కంటికి కనబడని బొమ్మ పెట్టి, మీరు ఎప్పుడు చదివారో తెలుసుకుంటారు.

మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ఎవరెవరిని ఏమేం కోరుతున్నాం

నెట్ సెంటర్ యజమానులారా! వచ్చినవారి చేతే పాస్‌వర్డ్ కొట్టించండి. మీ ఫోన్ నంబరు వారి ఖాతాలో పెట్టకండి. స్కాన్ చేసిన కాగితాలు పనయ్యాక మీ కంప్యూటర్ నుంచి తుడిచేయండి. ఈ మాట గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టిన సెంటర్‌కే జనం వస్తారు.

ఏజెంట్లారా! మనిషిని పంపడం మీ పని. ఆ మనిషి మెయిల్ మీ దగ్గర పెట్టుకునే హక్కు మీకు లేదు. ఒప్పందం కాపీ ఆ మనిషి సొంత చిరునామాకే పంపండి.

మలికిపురం డిగ్రీ కాలేజీ విద్యార్థులారా! మీ వీధిలో పది ఇళ్లు తీసుకోండి. గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న ప్రతి అక్క ఫోన్‌లో పైన చెప్పిన ఐదు పనులూ పూర్తి చేయించండి. వాళ్ల పాస్‌వర్డ్ అడగకండి, చెప్పినా వినకండి.

పంచాయతీ, సచివాలయం, గ్రంథాలయం సిబ్బందికి మనవి. నెలకొక్క పూట ఈ పని నేర్పేందుకు చోటివ్వండి. ఖర్చులేని పని, ఊరంతటికీ మేలు.

అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా! ఇల్లు విడిచి, పిల్లల్ని విడిచి, సముద్రం దాటి సంపాదిస్తున్నది మనం. ఆ కష్టానికి సాక్ష్యమైన కాగితాలు పరాయి చేతిలో ఉండనివ్వకండి. ఈ రాత్రే ఫోన్ తెరవండి, పాస్‌వర్డ్ మార్చండి. రేపు పొద్దున్న ఈ కాగితం పక్కింటివారికి ఇవ్వండి.

మన మెయిల్ మనదే! మన గోప్యత మన హక్కే!

ఇట్లు,
మీ తోటి మలికిపురం మండల వాసులు

(చదివి పారేయకండి, మరొకరికి ఇవ్వండి)