నవ్వులో ప్రేమ ఉందా?

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో సెమీ క్రిస్మస్ జరిగింది. ఉప్పల్, నాచారం ప్రాంతాల నుంచి కుటుంబాలన్నీ వచ్చాయి. యవ్వనస్తులు ఒక చిన్న స్కిట్ వేశారు. అందులో ఒక కుర్రాడు తలకు తువ్వాలు చుట్టుకొని, సంఘంలోని ఒక పెద్దాయన ప్రార్థన చేసే తీరును అనుకరించాడు. ఆ పెద్దాయన నాచారం పారిశ్రామికవాడలో రాత్రి కాపలా పని చేసి మానుకున్న మనిషి. ప్రార్థనలో మాటమాటకూ ‘గదే తండ్రీ, గంతే తండ్రీ’ అంటాడు. కుర్రాడు అచ్చం అలాగే అన్నాడు. మందిరమంతా ఘొల్లుమంది. ముందు వరుసలో కూర్చున్న నేనూ నవ్వాను. పెద్దాయన కూడా నవ్వినట్టే కనిపించాడు.

తర్వాతి ఆదివారం నుంచి ఆయన సంఘ ప్రార్థనలో నోరు విప్పలేదు.

హాస్యం పండాలంటే మనుషుల మీద ప్రేమ ఉండి తీరాలా? ఉండాలని వెంటనే చెప్పేయడం ఒక కాపరికి సులువు. కానీ బైబిలే అందుకు ఒప్పుకోదు. కన్నులు పెరికివేసిన సమ్సోనును ఫిలిష్తీయులు వినోదం కోసం చెరసాల నుంచి రప్పించినప్పుడు మిద్దె మీదే మూడు వేలమంది ఉన్నారు (న్యాయాధిపతులు 16:25-27). వాళ్లకు ఆ వేడుక చప్పగా ఉందని అక్కడ రాయలేదు. ప్రభువుకు ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్ల కిరీటం పెట్టి మోకరించిన సైనికులది కూడా ఒక స్కిట్టే (మార్కు 15:16-20). బాగానే నవ్వుకొని ఉంటారు. ప్రేమ లేకపోయినా నవ్వు వస్తుంది. ఎవరిని చూసి నవ్వుతున్నారో ఆ మనిషికి మాత్రం అందులో చోటుండదు.

శారా సంగతి చూడండి. వృద్ధాప్యంలో బిడ్డను ఎత్తుకున్నాక, ఈ మాట విన్నవాళ్లంతా నవ్వుతారని ఆమె అంది (ఆది 21:6). ఆ హెబ్రీ మాటకు ‘నాతో కలిసి నవ్వుతారు’ అనీ, ‘నన్ను చూసి నవ్వుతారు’ అనీ రెండర్థాలూ తీయవచ్చు. ఇస్సాకు పేరుకు అర్థమే నవ్వు. మూడు వచనాల తర్వాత ఇష్మాయేలు చేసిన పనికి వాడిన క్రియ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. దాన్ని మన తెలుగు బైబిల్ పరిహాసమని అనువదించింది. మాట ఒక్కటే. ఒకచోట ఇల్లు నిండింది, ఇంకోచోట ఇల్లు విడిపోయింది.

ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టింది మా నాచారంలోనే కాబట్టి ఇక్కడివాళ్లకు సినిమా దూరపు వస్తువు కాదు. తెలుగు సినిమా చాలాకాలం ఈ ప్రాంతపు యాసను ఎక్కువగా విలన్లకూ హాస్యగాళ్లకే ఇచ్చింది. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు ఆ యాసతోనే పేరు తెచ్చుకున్నారు. ఆయన నటనకు వంక పెట్టలేం. కానీ సొంత అమ్మ మాట వినగానే నవ్వాలని ఇక్కడి పిల్లలు థియేటర్లోనే నేర్చుకున్నారు. మా కుర్రాడికి ఆ స్కిట్ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

2023లో ‘బలగం’ వచ్చింది. తీసిన వేణు ఎల్దండి అంతకు ముందు టీవీలో హాస్య స్కిట్లు వేసినవాడే. చావింటి కథ. పిండాన్ని కాకి ముట్టకపోవడం చుట్టూ తిరుగుతుంది. ఆ ఆచారం మనది కాదు. అయితే చావింట్లో అలకలూ, మర్యాద తక్కువైందన్న లెక్కలూ మన కుటుంబాల్లో లేవని ఏ కాపరీ ప్రమాణం చేయలేడు! అందులోనూ అదే యాస, కావలసినంత నవ్వు. ఊళ్లలో తెరలు కట్టుకొని జనం కలిసి చూశారు. నవ్విందీ ఏడ్చిందీ ఆ యాస మాట్లాడేవాళ్లే.

ప్రభువు కూడా నవ్వించాడు. ఎల్టన్ ట్రూబ్లడ్ అనే అమెరికన్ వేదాంతి 1964లో క్రీస్తు హాస్యం మీద ఒక పుస్తకమే రాశారు. కంట్లో దూలం, నలుసు అనే వాక్యభాగం ఇంట్లో చదువుతుంటే ఆయన నాలుగేళ్ల కొడుకు పకపకా నవ్వాడట. మనకేమో అక్కడ నవ్వే రాదు. ఆ మాటలో ఎవరి యాసా, ఎవరి ఒంటి లోపమూ లేదు. వింటున్న ప్రతివాడి కంట్లోనూ దూలముంది.

స్కిట్ జరిగిన రెండేళ్లకు పెద్దాయన భార్య ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడికకు ఆయనతో పాతికేళ్లు రాత్రి డ్యూటీ చేసిన మిత్రుడు వచ్చాడు. భోజనాలయ్యాక, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈయన ప్రార్థన ఎలా ఉండేదో చేసి చూపించాడు. అదే ‘గదే తండ్రీ, గంతే తండ్రీ’. నిజం చెప్పాలంటే మా కుర్రాడే ఇంతకంటే బాగా చేశాడు. అయినా పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, ‘‘గట్ల గాదురా, గంతే అన్నది ఆఖర్ల వస్తది’’ అని దిద్దాడు కూడా.

కుర్రాడు చెడ్డవాడు కాదు. అతనికి ఆయన పేరు తెలియదు, ‘వాచ్‌మన్ అంకుల్’ అని మాత్రమే తెలుసు. నాకైతే పేరూ, ఇల్లూ, ఆ ఇంటి కష్టమూ అన్నీ తెలుసు. తెలిసీ నవ్వాను. ఆ సాయంత్రం ఆయన చేయి పట్టుకొని క్షమించమన్నాను. ‘‘గదేం మాట అయ్యగారూ’’ అన్నాడు. ఆ యేడు క్రిస్మస్ ఆరాధనలో ముగింపు ప్రార్థన చేయమని అడిగాను.

‘‘ఈసారికి మీరే చేయుండ్రి అయ్యగారూ’’ అన్నాడు.