పత్తి కట్టెకు ధర కట్టండి

పత్తి ఏరడం ముగిశాక పడమటి కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు రేగడి చేలల్లో మిగిలేది ఎండు కట్టె. కొందరు రైతులు దాన్ని ట్రాక్టరుతో నేలలో కలిపేస్తారు. కొంత వంటచెరకుగా ఇంటికి చేరుతుంది. మిగతాది కుప్పపోసి నిప్పంటిస్తారు. వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం హెక్టారు పత్తిచేనులో రెండు నుంచి మూడు టన్నుల కట్టె మిగులుతుంది, అంటే ఎకరాకు సుమారు టన్ను. బాగా ఎండిన కట్టె కాలితే వచ్చే వేడి, ఒడిశాలోని తాల్చేరు నుంచి వందల కిలోమీటర్లు రైలెక్కి వచ్చే నాసిరకం బొగ్గు వేడికి పెద్దగా తీసిపోదు. అయినా బొగ్గుకు ధర ఉంది, కొనుగోలు ఒప్పందం ఉంది, మోసుకొచ్చే రైలు ఉంది. పత్తి కట్టెకు ఇవేవీ లేకపోగా, దాన్ని తీయించడానికి రైతే ఎదురు ఖర్చు పెట్టుకోవాలి. జీవద్రవ్య (బయోమాస్) ఇంధనం పేరుతో కేంద్రం, రాష్ట్రం విధానాలు చాలానే తెచ్చాయి. ప్లాంటు పెట్టేవారికి వాటిలో రాయితీలున్నాయి, భూములున్నాయి. కట్టె తోలిన రైతుకు ఇంత ధర దక్కి తీరుతుందన్న మాట మాత్రం లేదు. ఆ మాటను చట్టబద్ధం చేయాలి, అమలు ఆదోని డివిజన్‌లోనే మొదలుకావాలి అన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మన రాష్ట్రం ఈ రంగంలో ఒకసారి చేతులు కాల్చుకోవడమే. 1997 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదాయేతర విద్యుత్తుకు యూనిట్‌కు 2 రూపాయల 25 పైసల ధర ప్రకటించింది. దాన్ని ఏటా 5 శాతం పెంచుతామంది. ఆ హామీని నమ్మి ఊక, వేరుశనగ పొట్టు, సర్కారు తుమ్మ ఇంధనంగా చిన్న చిన్న బయోమాస్ కేంద్రాలు జిల్లాల్లో వెలిశాయి. 2004 మార్చిలో విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరలను తిరగదోడింది. ఉత్పత్తిదారులు అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లారు, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ధర నిర్ణయించే అధికారం మండలిదేనని, మళ్లీ విచారించి తేల్చాలని 2010 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి. ఈలోగా ఊకకు ఇతర పరిశ్రమల గిరాకీ పెరిగి ధర ఎగబాకింది. ఒకవైపు కరెంటు ధర ఎంతో తెలియదు, మరోవైపు ఇంధనం ధర ఆగదు. ఈ రెండింటి మధ్య నలిగి చాలా కేంద్రాలు మూతపడ్డాయి. ఎండకూ గాలికీ ఎవరూ బిల్లు పంపరు. బయోమాస్ కేంద్రం ప్రతి టన్నుకూ ప్రతిరోజూ డబ్బు చెల్లించాలి. 2003 విద్యుత్ చట్టంలోని 86వ సెక్షన్ పునరుత్పాదక ఇంధనాన్ని ప్రోత్సహించే బాధ్యతను నియంత్రణ మండళ్లకు అప్పగించింది కానీ, పొలం నుంచి బాయిలర్ దాకా ఇంధనం ఎలా చేరాలన్నది ఆ చట్టం పట్టించుకున్న విషయం కాదు. ఆ ఖాళీలోనే తొలి తరం బయోమాస్ కేంద్రాలు కూలిపోయాయి. ఇప్పుడు కొత్త రాయితీలతో మళ్లీ ప్లాంట్ల దగ్గరే మొదలుపెడితే ఫలితం వేరుగా ఉంటుందని నమ్మడానికి ఆధారం కనిపించదు.

గిరాకీ ఎక్కడుందని అడిగేవారు రైల్వే పటం ఒకసారి చూడాలి. ముంబై–చెన్నై మార్గంలో ఆదోనికి ఒక దిక్కున రాయచూరు, రెండో దిక్కున గుంతకల్లు, తాడిపత్రి దాటితే ముద్దనూరు ఉన్నాయి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. రాయచూరు థర్మల్ కేంద్రానిది 1,720, దాని పొరుగునే ఉన్న యరమరస్‌ది 1,600. పడమట బళ్లారి కేంద్రం మరో 1,700 మెగావాట్లు. బొగ్గు మండించే ఇన్ని పెద్ద కేంద్రాల నడుమ, లక్షల ఎకరాల పత్తితో, రైలు పట్టాల పక్కనే ఉన్న పట్టణాలు దక్షిణాదిలో ఎన్నో లేవు. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు జీవద్రవ్య పెల్లెట్లను కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. 2023లో దాన్ని సవరించి 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని నిర్దేశించింది. రాయలసీమ థర్మల్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు ఇరవై వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి. అందులో 5 శాతం కలిపినా రోజుకు వెయ్యి టన్నులు. ఒక్క కేంద్రం వెయ్యి ఎకరాల కట్టెను ఒక్క రోజులో తీసుకోగలదు. సాంకేతికంగా కొత్త ప్రయోగమూ కాదు. ఎన్టీపీసీ 2017లోనే ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి కేంద్రంలో పెల్లెట్లు కలిపి కాల్చి చూపింది. కాగితం మీద గిరాకీ ఉంది, చేనులో సరుకు ఉంది. మధ్యలో కట్టెను పీకి, ముక్కలు చేసి, ఆరబెట్టి, పెల్లెట్లుగా మార్చి రైల్వేస్టేషన్‌కు చేర్చే ఏర్పాటే లేదు.

ఆ ఏర్పాటుకు ఉత్తరాదిలో ప్రభుత్వం డబ్బు పెట్టింది. వరి కొయ్యకాళ్ల మంటలు ఢిల్లీ ఊపిరి ఆపుతున్నాయని 2018లో కేంద్రం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకు ప్రత్యేక పథకం తెచ్చింది. యంత్రాలు కొనే రైతుకు సగం, యంత్రాలు అద్దెకిచ్చే సహకార సంఘాలకు 80 శాతం సాయం ప్రకటించింది. 2023లో ఇంకో మెట్టు ఎక్కి, గడ్డి సేకరణ యంత్రాల ఖర్చులో 65 శాతం ప్రభుత్వం, 25 శాతం కొనుగోలు చేసే పరిశ్రమ, 10 శాతం రైతు బృందాలు భరించే పద్ధతి పెట్టింది. మంచి పద్ధతే. కొనేవాడి పెట్టుబడి కూడా అందులో ఉండటం వల్ల కొనుగోలు నుంచి తప్పుకోవడం అంత సులువు కాదు. అదే పద్ధతి రాయలసీమ పత్తి కట్టెకు ఎందుకు వర్తించకూడదు? కర్నూలు పడమటి మండలాల పొగ దేశ రాజధానికి చేరదు కాబట్టి ఇక్కడి రైతుకు సాయం అక్కర్లేదనడం న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వం, మన ఎంపీలు ఈ విషయాన్ని కేంద్రం ముందు పట్టుబట్టి అడగాలి.

సౌర విద్యుత్తు ఇంత చౌకగా దొరుకుతుంటే కట్టెలు కాల్చడం ఎందుకన్నది తేలిగ్గా తీసిపారేయదగిన అభ్యంతరం కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని–శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడ 2015 వేలంలో యూనిట్ ధర 4 రూపాయల 63 పైసలకు దిగితే దేశమంతా ఆశ్చర్యపోయింది. 2017లో కడప జిల్లా వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు వచ్చింది. ఈ ధరతో విడిగా నిలబడ్డ బయోమాస్ విద్యుత్ కేంద్రం పోటీపడలేదు. అందుకే ఆదోనిలో అలాంటి కేంద్రాలు కట్టమని మేము అడగడం లేదు. థర్మల్ కేంద్రంలో కలిపి కాల్చే పెల్లెట్ బొగ్గు స్థానంలోకి వస్తుంది, సౌర విద్యుత్తు వాటాను అది ముట్టుకోదు. రాత్రిపూట ఎలాగూ ఆ బాయిలర్లు మండుతూనే ఉంటాయి. వేడి లెక్కన బొగ్గుకు రెట్టింపు ధర పెట్టి పెల్లెట్లు కొన్నా, 5 శాతం కలిపితే మొత్తం ఇంధన ఖర్చు 5 శాతమే పెరుగుతుంది. ఆ అదనపు ఖర్చును విద్యుత్ ధరలో కలుపుకోవడానికి 2021 విధానమే వీలు కల్పించింది. ఆ డబ్బు గనుల యజమానికి బదులు పడమటి మండలాల రైతుకూ కూలీకీ అందుతుంది. ఇక నూనె మిల్లులు, అద్దకం పనులు, ఇటుక బట్టీలు వంటి వేడి అవసరమున్న స్థానిక పరిశ్రమలకు సోలార్ పలక కన్నా కట్టెను అదిమి చేసే ఇంధన ఇటుక, అంటే బ్రికెట్టే, పనికొచ్చే సరుకు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పశువుల మేత, పేదల పొయ్యి, నేల సారం ఈ మూడింటినీ పరిశ్రమ మింగేస్తుందేమోనన్న భయం అది. ఈ భయానికి సమాధానం చట్టంలోనే ఉండాలి. జొన్న సొప్ప, బుడ్డల కట్టె పశువుల నోటి కూడు. వాటిని ఏ ప్లాంటూ కొనకూడదని నిషేధించాలి. పత్తి కట్టెను పశువులు తినవు. చేనులో మిగిలిన ఆకు, కాయ మేకలు, గొర్రెలు మేసిన తర్వాతే కట్టె తీయాలి. వంటచెరకుకు ఊరు ఉంచుకోగా మిగిలినదే అమ్మకానికి వెళ్లాలి. నేల మాటకొస్తే, రాలిన ఆకు ఎలాగూ చేనులోనే ఉంటుంది. కట్టెలోని పొటాష్‌ను స్థానిక బాయిలర్ల బూడిద ద్వారా తిరిగి పొలానికి ఇవ్వవచ్చు. ఎంత తీయవచ్చో, ఎన్నేళ్లకోసారి వదిలేయాలో నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం తేల్చి చెప్పాలి, ఆ పరిమితిని కొనుగోలు నిబంధనల్లో చేర్చాలి. ఈ చర్చలో తరచూ మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. పంట అయిపోయాక కట్టెను చేనులో నిలబెట్టినా, ఇళ్ల పక్క వామి వేసినా గులాబీ రంగు పురుగు అందులో తలదాచుకుని మరుసటి పంట మీద పడుతుంది. సకాలంలో కట్టె తీసేయమని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఖర్చు గిట్టక రైతు వినలేకపోతున్నాడు. కట్టెకు ధర పలికితే ఆ సలహా తనంతట తానే అమలవుతుంది. కొన్న కట్టెను నెలల తరబడి కుప్పలుగా ఉంచకుండా వెంటనే ముక్కలు చేయాలన్న షరతు మాత్రం తప్పనిసరి.

ఈ ప్రాంతానికి సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైన వాదన పని గురించి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల నుంచి ఏటా పంటలు ముగిసే వేళకు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గి బాట పడతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు పిల్లాజెల్లాతో తరలిపోతాయి. బడి మానే పిల్లలు, ఊళ్లో ఒంటరిగా మిగిలే ముసలివాళ్లు ఈ వలసకు మూల్యం చెల్లిస్తున్నారు. కట్టె పీకి, నరికి, ఆరబెట్టి, పెల్లెట్లు చేసే పని వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. అందరి వలసనూ ఇది ఆపుతుందని చెప్పడం అతిశయోక్తి. కానీ ఊళ్లో పనిలేని కాలంలో ఊళ్లోనే పని పుట్టించే పరిశ్రమ ఇంతకన్నా దగ్గరగా మరొకటి లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది. 500 బయోగ్యాస్ ప్లాంట్లకు 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో రిలయన్స్ సంస్థ అదే ఏడాది నవంబరులో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో తొలి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీయాలన్నది ఆలోచన. పడమటి కర్నూలుకు అది అతకదు. తుంగభద్ర దిగువ కాలువ ఆయకట్టు చివరి భూములకే నీరందని చోట గడ్డికి నీరు తేవడం కష్టం. బంజరు అని రాసుకున్న నేల ఇక్కడి గొర్రెల కాపరులకు మేత బీడు. పైగా చెక్కలా గట్టిపడిన పత్తి కట్టె బయోగ్యాస్ తొట్టిలో తేలిగ్గా కుళ్లదు. కాబట్టి గ్యాస్ ప్లాంట్లు ఎన్ని వచ్చినా ఈ కట్టె చేనులోనే కాలిపోతుంది. దీనికి వేరే దారి వేయాల్సిందే.

డెన్మార్క్ 1993లో ఆ దారి వేసింది. 2000 సంవత్సరం నాటికి విద్యుత్ కేంద్రాలు ఏటా 12 లక్షల టన్నుల గడ్డి కాల్చి తీరాలని రాజకీయ పక్షాలు ఒప్పందానికి వచ్చాయి. గడువు జరిగింది, సవరణలు వచ్చాయి, కానీ బాధ్యత రద్దు కాలేదు. కొనేవాడు ఖాయమని తేలాక మోపులు కట్టే యంత్రాలూ రైతులతో సరఫరా ఒప్పందాలూ స్థిరపడ్డాయి. మన దగ్గరా మొదట ఖాయం కావలసింది కొనుగోలే. ఏపీ జెన్‌కో రాయలసీమ థర్మల్ కేంద్రానికి కావలసిన పెల్లెట్లలో నిర్ణీత వాటాను పడమటి కర్నూలు నుంచి పదేళ్ల ఒప్పందంతో కొనాలి. టన్ను కట్టె కనీస ధరను ఖరీఫ్ విత్తే ముందే ప్రకటించి, కూలి, డీజిల్ ఖర్చులను బట్టి ఏటా సవరించాలి. ఒకే పరిధిలో రెండు ప్లాంట్లు ఇంధనం కోసం కొట్టుకోకుండా సేకరణ హద్దులు గీయాలి. పచ్చని చెట్టు నరికి తెచ్చిన ప్లాంటుకు లైసెన్సు రద్దు కావాలి. సేకరణ దళారుల చేతికి పోకుండా రైతు సంఘాలకూ మహిళా సంఘాలకూ అప్పగించాలి. మాచాని సోమప్ప 1938లోనే నేతగాళ్ల సహకార సంఘం కట్టి నిలబెట్టిన ఎమ్మిగనూరుకు సహకారం కొత్తగా నేర్పనక్కర్లేదు. మొదటి ఏడాది మూడు మండలాలతో ప్రారంభించినా చాలు. సుగ్గికి కుటుంబాలు బయలుదేరే నవంబరు, డిసెంబరు కన్నా ముందే కొనుగోలు కేంద్రాలు తెరిచి, కూలి రేటూ కట్టె ధరా గ్రామ సచివాలయాల గోడ మీద రాసి పెట్టాలి.