దాచుట వేరు, ముద్ర వేయుట వేరు

చిప్పులను గురించి, యంత్రాలను గురించి తెలుగు అధ్యాపకుడు వ్రాయటం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఒకరు వ్రాసిన దానిని మరొకరు చడీచప్పుడు లేకుండా మార్చివేయటమనే సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. తాళపత్రాల కాలం నుండి అది మా శాఖ సమస్యయే. ఆ హక్కుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

విద్యుత్ మీటరు, వాషింగ్ మెషీను, పెట్రోలు పంపు, కూరగాయల దుకాణంలోని తూకపు యంత్రం మొదలైనవాటి లోపల మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు ఒకటి కూర్చుని ఉంటుంది. దానికి ఆజ్ఞలు వ్రాయటం చాలాకాలం కొద్దిమందికే తెలిసిన విద్య. 2013లో డేమియన్ జార్జ్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రజల నుండి చందాలు సేకరించి, సులభమైన పైథాన్ భాషను ఈ చిప్పుల మీద నడిపించే పనికి పూనుకొన్నాడు. మరుసటి సంవత్సరమే మైక్రోపైథాన్ వెలువడినది. 256 కిలోబైట్ల స్థలం, 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న చిప్పులో సైతం అది ఇముడుతుంది. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు వెల 4 డాలర్లు. డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒక్క మధ్యాహ్నంలో దానితో దీపం వెలిగించి ఆర్పగలదు, గది ఉష్ణోగ్రత కొలవగలదు. విద్య ఇట్లా అందరి చేతికి రావటం శుభపరిణామమని నా నిశ్చితాభిప్రాయం.

కాని ఈ సౌలభ్యానికి మరొక ముఖం ఉన్నది. సాధారణంగా మైక్రోపైథాన్‌లో మన ఆజ్ఞలు ‘మెయిన్’ అనే ఫైలులో వ్రాసినవి వ్రాసినట్లే ఉంటాయి. యు.ఎస్.బి. తీగ తగిలించిన వారెవరైనా నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి, ఆ ఫైలును చదువవచ్చు. రెండు అంకెలు మార్చి తిరిగి అక్కడే పెట్టవచ్చు. పాల సేకరణ కేంద్రంలోని తూకపు యంత్రాన్నే తీసుకొందాము. బరువును లెక్కకట్టే గుణకాన్ని 1 నుండి 0.97కు తగ్గిస్తే చాలు, తెర మీది అంకెలు మునుపటి మాదిరిగానే వెలుగుతుంటాయి, పాలు పోసిన ఇల్లాలికి మాత్రం నూరింట మూడు పాళ్లు దక్కవు. ఇది కేవలం ఊహ అనుకోరాదు. 2017లో లక్నోలోను, 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసుల దర్యాప్తులోను బయటపడిన పెట్రోలు బంకుల మోసాలు ఈ జాతివే. పంపులలో దొంగ చిప్పులు అమర్చి, తెర మీద లీటరు చూపుతూ తొట్టిలోకి తక్కువ పోశారు. కొలతలో తగ్గించి ఇచ్చేవారి పేరుతోనే ఖురాన్‌లో ఒక అధ్యాయం ఉన్నదని, అది 83వదని మన విద్యార్థులకు నేను గుర్తు చేయనక్కరలేదు.

ఈ సంగతి వినగానే అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆ ఆజ్ఞలను ఎవరి కంటా పడకుండా ఎట్లా దాచాలి? నా మనవి ఏమంటే, ఇది తప్పుగా వేసిన ప్రశ్న. పాలు పోసే ఇల్లాలికి అన్యాయం జరిగినది ఎవరో చదివినందువలన కాదు, మార్చినందువలన. దాచుట ఒకటి, మార్పును నిరోధించుట మరొకటి. ఈ రెండింటినీ కలగాపులగం చేయటం వలననే మన ఆలోచన దారి తప్పుతున్నది.

వేమన పద్యాల సంగతి చూడండి. అవి ఊరూరా వ్రాతప్రతులలో తిరిగినవి. వ్రాయసకాడు తనకు తోచినది చేర్చినాడు. వాటిలో ఏది వేమనది, ఏది ప్రక్షిప్తం అన్న వాదం నేటికీ తెగలేదు. మరి ఖురాన్ పాఠమో, అది రహస్యం ఎంతమాత్రమూ కాదు. లక్షలాది హాఫిజులకు అది కంఠస్థం. తరావీహ్ నమాజులో ఇమామ్ ఒక్క అక్షరం జారితే వెనుక నిలిచినవాడు వెంటనే లుఖ్మా ఇస్తాడు. అందరికీ తెలిసి ఉండటమే దానికి కాపలా. ఇక గోల్కొండ కుతుబ్‌షాహీల ఫర్మానాలలో కొన్ని పారసీకంలోను తెలుగులోను వెలువడినవి. అక్షరం వచ్చిన ఎవరైనా వాటిని చదువుకోవచ్చు; ముద్ర వేసే అధికారం మాత్రం ఒక్క దర్బారుదే.

నేటి చిప్పులలోని ‘సెక్యూర్ బూట్’ అనే పద్ధతి సరిగ్గా ఈ ఫర్మానా పద్ధతియే. తయారుచేసినవాడు తన వద్దనున్న రహస్యపు తాళంచెవితో కార్యక్రమానికి గణితపు ముద్ర వేస్తాడు. ఆ ముద్రను గుర్తుపట్టే ఆనవాలు చిప్పులో శాశ్వతంగా కాల్చివేయబడుతుంది. విద్యుత్తు వచ్చిన ప్రతిసారీ చిప్పు ఆ ముద్రను సరిచూసి, సరిపోకపోతే పనిచేయ నిరాకరిస్తుంది. ఇఎస్‌పి 32 చిప్పులో ఈ సదుపాయం ఉన్నది. అయితే మైక్రోపైథాన్ వాడేవారు ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ముద్ర పడేది మూల వ్యవస్థకే గాని, పక్కన ఫైళ్ల భాగంలో ఉండే మన ‘మెయిన్’ ఫైలుకు కాదు. కోటకు ఇనుప తలుపు పెట్టి దిడ్డిని తెరచి ఉంచినట్లే! కాబట్టి మన ఆజ్ఞలను విడి ఫైలుగా ఉంచక, మూల వ్యవస్థలోనే కలిపి ఘనీభవింపజేసి, మొత్తానికి కలిపి ముద్ర వేయాలి. తీగ తగిలించి లోపలికి మాట్లాడే మార్గాన్ని మూయాలి. కొందరు పైథాన్ వ్రాతను సంకేత రూపంలోకి మార్చి అంతటితో రక్షణ అయినదనుకొంటారు. అది చదవటాన్ని కష్టతరం చేస్తుందే తప్ప మార్పును ఆపదు.

దాచటాన్నే నమ్ముకొన్నవారి అనుభవం ఏమైనది? 2019లో ఇఎస్‌పి 32 తొలి చిప్పులకు క్షణమాత్రం విద్యుత్ వోల్టేజిని తడబడజేసి, లోపలి రహస్యపు తాళంచెవులను పైకి లాగినారు. 2024లో రాస్ప్‌బెర్రీ పై సంస్థ తన కొత్త చిప్పులో ఒక రహస్యం దాచి, దానిని తీయగలవారికి బహుమతి ప్రకటించి, ఆ మొత్తాన్ని తరువాత 20,000 డాలర్లకు పెంచినది. ఒకరు కాదు, పలువురు తీసినారు. 2025 జనవరిలో ఆ సంస్థయే ఆ మార్గాలన్నిటినీ ప్రకటించినది. ఆ నిజాయితీ నాకు నచ్చినది. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం లేకుండా ఉండాలి, తాళంచెవి ఒక్కటే రహస్యమై ఉండాలి అని కెర్ఖోఫ్స్ అనే పండితుడు 1883లోనే వ్రాసి ఉన్నాడు.

ఇంతకన్న పెద్ద ప్రమాదం ముద్ర వేసేవాడే మోసగాడు కావటం. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ ఉదంతంలో ఏ దొంగా బయట నుండి రాలేదు. పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను తగ్గించే ఆజ్ఞలను తయారీదారుడే సుమారు కోటి పది లక్షల కార్లలో పెట్టినాడు. ఆ ఆజ్ఞలు ఇతరులు చదువరానివి కావటం వలన సంవత్సరాల తరబడి సాగినది. కార్లను రోడ్డు మీద నడిపి పొగను కొలిచిన వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకుల కారణంగా మొదట అనుమానం పుట్టినది.

కనుక ప్రజల డబ్బును కొలిచే ప్రతి యంత్రం విషయంలోనూ నేను కోరేది ఇది: దానిలోని ఆజ్ఞలు తూనికలు కొలతల శాఖ వారు చదివి చూడదగినట్లుండాలి. ఆ శాఖ యంత్రానికి వేసే సీసపు ముద్ర వలెనే ఆజ్ఞలకూ గణితపు ముద్ర ఉండాలి. తనిఖీదారు అడిగినప్పుడు యంత్రం తన ముద్రను తెర మీద చూపాలి. వ్యాపార రహస్యం పోతుందని తయారీదారులు అంటారు. బరువును గుణకంతో హెచ్చించటంలో ఏమి రహస్యమున్నదో నాకు బోధపడదు.

మన కళాశాల విద్యార్థులకు ఒక చిన్న హెచ్చరిక. చిప్పులో ఒకసారి కాల్చిన ఆనవాలు తిరిగి చెరగదు. కనుక తొలి ప్రయత్నం చవకైన బోర్డు మీదనే చేయండి. ముద్ర వేసే తాళంచెవిని ప్రయోగశాలలో అందరూ వాడే కంప్యూటరులో ఉంచకండి. దాని నకలు ఒకటి అధ్యాపకుల బీరువాలో భద్రపరచండి. అది పోయినదా, ఆ యంత్రంలోని దోషాన్ని సవరించటం దానిని తయారుచేసిన మీకు కూడా సాధ్యపడదు.