థైరాయిడ్ వల్ల లావా, లావు వల్ల థైరాయిడా?

వాళ్లమ్మగారి థైరాయిడ్ మాత్రల స్ట్రిప్ ఒకటి పట్టుకొచ్చాడు మా రూమ్మేట్. రిపోర్టులో టీఎస్‌హెచ్ 5.6 అట. మామూలుగా 4 దగ్గర ఆగాలి. ‘నా లావుకి కారణం ఇదేరా’ అన్నాడు. రాత్రి పదకొండింటి బిర్యానీలకి క్లీన్‌చిట్ అన్నమాట!

కథ రివర్స్‌లో కూడా నడుస్తుంది. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా వదిలేది టీ4. అందులోంచి ఒక అయోడిన్ పరమాణువు పీకేస్తేనే గట్టిగా పనిచేసే టీ3 వస్తుంది. ఆ పీకే ఎంజైములు కాలేయంలోనే కాదు, కొవ్వులోనూ ఉన్నాయి. అంటే మన పొట్ట ఉత్త స్టోరేజ్ కాదు, హార్మోన్ల లెక్కలు నడిపే సర్వర్ కూడా. తిండి ఎక్కువై కొవ్వు పెరిగితే అది వదిలే లెప్టిన్ పెరుగుతుంది. లెప్టిన్ మెదడుని తట్టి టీఎస్‌హెచ్‌ని పైకి తోస్తుంది. మరోపక్క, ఊబకాయం ఉన్నవాళ్ల కొవ్వులో ఆ సిగ్నల్ అందుకునే రిసెప్టర్ల జీన్లు నెమ్మదించినట్టు, బరువు తగ్గాక పుంజుకున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. ఎర్రర్ కనిపించిన చోటే బగ్ ఉండాలని లేదు. వాడు టెస్టర్, వాడికి నేను చెప్పాలా?

నిజంగా హైపోథైరాయిడిజమే అయితే మాత్ర వేసుకోవాల్సిందే. ఫ్రీ టీ4, యాంటీబాడీ టెస్టులు చూసి డాక్టరు తేలుస్తారు. అవసరం లేకుండా మింగితే గుండెదడ, పోనుపోనూ ఎముకలు గుల్లబారడం. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. స్ట్రిప్ మాత్రం నా డ్రాయర్లో ఉంది.