తూటా నింపుకుంటే అక్కడ హాబీ, ఇక్కడ కేసు

అమెరికాలో తుపాకీ సరదా ఉన్నవాళ్ళు చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. రీలోడింగ్ అంటారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని ఏరి తెచ్చి, శుభ్రం చేసి, కొత్త ప్రైమరూ మందూ గుండూ పెట్టి మళ్ళీ వాడటం. ఎందుకు గురూ అని అక్కడున్న మన సాఫ్ట్‌వేర్ జనాన్ని అడగండి, ఠక్కున "డబ్బు ఆదా" అంటారు.

నమ్మకండి. ఆ ఇత్తడి గొట్టం చాలాసార్లు పనికొస్తుంది, అంతవరకూ నిజమే. కానీ ప్రెస్సూ, త్రాసూ కొన్నాక, చౌకే కదా అని రెట్టింపు కాలుస్తారు. ఇంక మిగిలేదేంటి? "ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అనేది ఇంకో మాట. 2020లో కోవిడ్ భయానికి అక్కడి షాపుల్లో తూటాలు మాయమైనప్పుడు ప్రైమర్లూ మాయమయ్యాయి. కోడ్ నాదే, కంపైలర్ పక్కవాడిది అన్నట్టు :)

అసలు సంగతి ట్యూనింగ్ పిచ్చి. ఫ్యాక్టరీ తూటా అందరి తుపాకులకీ సరిపోయేలా చేస్తారు. తన బారెల్‌కి ఏది నప్పుతుందో ఒక్కొక్కటే మార్చి చూసుకోవడంలో మజా వేరు. ఈ పిచ్చి మనకి తెలియనిదా!

నా గొడవ వేరే. సీతంపేట కొండల్లో గిరిజన రైతు దగ్గర నాటు తుపాకీ దొరికిందని పేపర్లో చూడగానే ఈ పెద్దమనుషులే "లోపలెయ్యాలి" అంటారు. బాబూ, ఆ తుపాకీకి షాపులో తూటా ఉండదు. ప్రతిసారీ మందూ గుండూ గొట్టం మూతిలోంచి కూరాల్సిందే. అది ఆయనకి సరదా కాదు. పోడు చేను ఒక్క రాత్రిలో అడవిపందుల పాలైతే ఏడాది తిండి పోయినట్టే.

తమాషా ఏంటంటే, నిజమైన పంట రక్షణ కోసమైతే మూతి నుంచి నింపే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనే చెబుతోంది. అదే చట్టం కింద, లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారు చేస్తే, 2019 సవరణ తరవాత కనీసం 7 ఏళ్ళ జైలు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సే అక్కర్లేదు.

లైసెన్సు వద్దని నేననట్లేదు. నాటు తుపాకీ ప్రమాదకరమే, పందిని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. కానీ 13వ సెక్షన్ సంగతి కొండమీద ఎవరు చెప్పారు? సీతంపేట ఐటీడీఏ వాళ్ళు ఒక్కరోజు సంతలో బల్ల వేసుకుని దరఖాస్తులు తీసుకుంటే ఏం పోతుంది?