వంశవృక్షానికి ఆధారాలే వేళ్లు

ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యులు అడిగే ఒక ప్రశ్న చాలామందికి వింతగా తోస్తుంది. “మీ కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?” అని అడుగుతారు. ఎక్కువమంది “లేదండీ” అనేస్తారు. చాలాసార్లు ఆ “లేదు”కు అసలు అర్థం “తెలియదు”. ఎప్పుడో పెదనాన్నగారికి ఆపరేషన్ తర్వాత గంటల తరబడి సొంతంగా ఊపిరి అందలేదన్న సంగతి ఇంట్లో ఏ ఒక్కరికో గుర్తుండవచ్చు. ఆ ఆసుపత్రి కాగితం ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉండవచ్చు. సమయానికి మాత్రం అది చేతికి రాదు.

ఆ ప్రశ్న వెనుక గట్టి కారణం ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నం చేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించినవారిలో మందు ప్రభావం గంటల పాటు నిలిచిపోతుంది. అంతసేపూ వారికి కృత్రిమ శ్వాస అందించాల్సిందే. తెలుగు రాష్ట్రాల వైశ్య సమాజంలో ఈ లోపం ఇతర సమూహాల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని, 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెలువరించిన అధ్యయనం దీన్ని ఒక ఉదాహరణగా చూపింది. ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టే మచ్చ కాదు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి సమూహంలోనూ ఇలాంటి ఏదో ఒక జన్యుమార్పు పేరుకునే అవకాశం ఉంటుంది. ముందే తెలిస్తే వైద్యులు వేరే మందు వాడతారు. తెలియడానికి ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి.

కుటుంబ చరిత్ర సేకరణను రిటైరైన వారి కాలక్షేపంగా చూడటం మన దగ్గర అలవాటు. పూర్వీకుల గొప్పలు చెప్పుకునే పనిగానే చూస్తే అది నిజంగా కాలక్షేపమే. ప్రతి సంగతికీ ఆధారం చూపుతూ, కాగితాన్నీ కంప్యూటర్‌నూ ఒక క్రమంలో కలుపుతూ సాగితే మాత్రం అది రాబోయే తరాల ఆరోగ్యానికి పనికొచ్చే సమాచార నిధి అవుతుంది. అలా మారాలంటే వంశవృక్షం గీసే పద్ధతే మారాలి.

పాత చెట్టులో లేని కొమ్మలు

వంశావళి రాసిపెట్టే సంప్రదాయం మన దేశానికి కొత్త కాదు. హరిద్వార్‌లోని పండాలు యాత్రికుల కుటుంబ వివరాలను పొడవాటి వహీలలో తరతరాలుగా రాస్తున్నారు. ఆస్తి పంపకాల కోసం గీసుకున్న వంశవృక్షాలు మన ఇళ్లలోనూ ఉంటాయి. అయితే వీటిలో చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి దిగుతాయి. ఆడపిల్ల పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమె పెళ్లై వెళ్లిన ఇంట్లో పుట్టిన పిల్లలు దాదాపు ఎప్పుడూ ఉండరు.

వైద్యానికి కావలసింది సరిగ్గా ఆ విడిచిపెట్టిన కొమ్మలే. హీమోఫిలియానే చూడండి. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. సాధారణంగా జబ్బు మగపిల్లల్లో బయటపడుతుంది, జన్యువును మోసేది తల్లి. బాబుకు దెబ్బ తగిలితే రక్తం ఆగడం లేదంటే, వాడి మేనమామకో, అమ్మమ్మ అన్నదమ్ములకో అలా జరిగిందా అన్నది మొదట తెలియాలి. మగ సంతానాన్ని మాత్రమే రాసుకున్న వంశవృక్షం ఎంత పొడవున్నా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మేనరికాలున్న ఇళ్లలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. సొంత మేనమామను పెళ్లాడినప్పుడు పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే సంభావ్యత 1/8. మేనబావను పెళ్లాడితే అది 1/16. జన్యు వైద్యులు గీసే చిత్రంలో మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు ఉన్నవారికి నింపిన గుర్తు, రక్తసంబంధంలో పెళ్లికి జంట గీత వాడతారు. ఈ నాలుగు గుర్తులు ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు.

ఒక మనిషికి ఒకే సంఖ్య

ఐరోపా వంశచరిత్రకారులు వందల ఏళ్లుగా వాడుతున్న ఒక సంఖ్యా పద్ధతి ఉంది. అందులో తనది 1, తండ్రిది 2, తల్లిది 3. ఎవరి సంఖ్యనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి సంఖ్య, దానికి ఒకటి కలిపితే తల్లి సంఖ్య వస్తాయి. చూడముచ్చటైన లెక్కే, కానీ మన ఇళ్లలో అది తడబడుతుంది. ఒకాయన తన అక్క కూతురిని పెళ్లాడితే, వారి బిడ్డకు నాన్న తండ్రి 4వ సంఖ్య. అమ్మ తల్లి 7వ సంఖ్య. ఆమె తండ్రి 14వ సంఖ్య కావాలి. కానీ ఆ 4, ఈ 14 ఒకే మనిషి. ఒకే తాతకు రెండు సంఖ్యలు, రెండు ఫైళ్లు, చివరకు కంప్యూటర్‌లో ఇద్దరు మనుషులు తయారవుతారు.

చుట్టరికాల పేర్లతో రాసుకున్నా ఇదే చిక్కు. “మామయ్యకు షుగర్ ఉండేది” అని రాస్తే ఆయన అమ్మకు తమ్ముడో, మేనత్త భర్తో, పిల్లనిచ్చిన మామగారో తెలియదు. మొదటివారితో రక్తసంబంధం ఉంది. మిగతా ఇద్దరితో ఉండవచ్చు, లేకపోవచ్చు.

అందుకే సంఖ్యలో చుట్టరికం ఇరికించకుండా, నోటుబుక్కులో పేరు ఎక్కిన వరుసలోనే మ-1, మ-2, మ-3 అని మనిషికొక సంఖ్య ఇవ్వడం మేలు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. కాగితాలకు విడిగా ప-1, ప-2 అని సంఖ్యలు వేయాలి. కాగితం మూలన పెన్సిల్‌తో వేసిన ఆ సంఖ్యే కంప్యూటర్‌లో ఫైలు పేరుకు మొదట రావాలి. “ప112_1958-06-12_క్రయదస్తావేజు” అన్న పేరు చూస్తే అది ఏ కవరులో ఉందో, ఏ తేదీదో, ఏమిటో తెరవకుండానే తెలుస్తుంది.

పేరు మారినా సంఖ్య మారదనడానికి తెలుగువారి వలస చరిత్రే సాక్ష్యం. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్లిన ప్రతి ఒక్కరికీ వలస ప్రభుత్వం ఒక సంఖ్య ఇచ్చింది. గుమాస్తాలు ఇంగ్లీషులో రాసుకున్న తెలుగు పేర్లూ, ఊళ్ల పేర్లూ గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఆ సంఖ్య వేసింది గౌరవంతో కాదు, కూలీల లెక్క కోసం. అయినా దక్షిణాఫ్రికాలో వారి మునిమనవలు పూర్వీకుల ఊరు వెతుక్కోవడానికి నేడు పట్టుకునే దారం అదే.

విన్నది వేరు, లెక్కగట్టినది వేరు

జనన, మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పుట్టినవారిలో చాలామంది తేదీలు బడి రిజిస్టరులోనో, పెద్దల జ్ఞాపకంలోనో ఉంటాయి. బడిలో వేసేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన “జులై 1” ఎందరి పుట్టినరోజో! నాయనమ్మ మాత్రం “క్రోధి మాఘమాసం” అంటుంది. తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ఆ క్రోధి 1904లో మొదలైనదీ కావచ్చు, 1964లో మొదలైనదీ కావచ్చు. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. కాబట్టి మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారి 1905 లేదా 1965 అవుతుంది. పాత రెవెన్యూ కాగితాల్లోని ఫసలీకి 590 కలిపితే ఉజ్జాయింపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. “ఉప్పెన వచ్చిన కార్తీకంలో” అని దివిసీమ పెద్దలు చెప్పినది 1977 నవంబరు.

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే. మూలంలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, లెక్కగట్టినది పక్క గడిలో, ఎవరు ఎప్పుడు చెప్పారన్నది మూడో గడిలో రాయాలి. రెండు ఆధారాలు పొసగకపోతే ఒకదాన్ని కొట్టేయకుండా రెండూ ఉంచాలి. ప్రయోగశాల పుస్తకంలో కొలతను దిద్దకుండా పక్కన వ్యాఖ్య రాసే క్రమశిక్షణ ఇది. “గుండెపోటుతో పోయారు” అన్న మాట డాక్టరు సర్టిఫికెట్‌లో ఉందా, ఊళ్లో అనుకున్నదా అన్న తేడా చదివే వైద్యుడికి చాలా ముఖ్యం.

కాగితం చేసే పని, కంప్యూటర్ చేసే పని

స్కాన్ చేశాక అసలు కాగితం పారేయవచ్చనుకోవడం పొరపాటు. సంతకం, సిరా, స్టాంపు, వెనుక వైపు రాత, ఇవన్నీ సాక్ష్యాలే. అలాగని కాగితం ఒక్కటే చాలదు. వేడితో చేసే లామినేషన్‌ను కాగితం చెడకుండా తీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు జిగురు పసుపు మరక వేస్తుంది, పిన్నులు తుప్పు పడతాయి. ఈసీజీ పట్టీలు, స్కానింగ్ ప్రింట్లు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి కాబట్టి కొన్నేళ్లకే వెలిసిపోతాయి. అన్నిటికంటే ముందు స్కాన్ చేయాల్సినవి ఇవే.

కంప్యూటర్‌కూ తన బలహీనతలున్నాయి. యూనికోడ్ రాకముందు తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వంటి వివరాలు పోతాయి. ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న సమాచారం ఆ కంపెనీ మూతపడితే చిక్కుకుపోతుంది. వంశవివరాలను ఒక ప్రోగ్రాం నుంచి మరొకదానికి చేర్చేందుకు 1980ల నుంచి జెడ్‌కామ్ అనే రూపం వాడుకలో ఉంది. గ్రాంప్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సహా చాలావరకు ప్రోగ్రాములు దాన్ని చదువుతాయి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న సూత్రం ఇళ్లకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఒకటి, ఊళ్లో ఒకటి, విదేశంలో ఉన్న పిల్లల దగ్గర ఒకటి ఉంటే చాలు.

జబ్బుల సంగతి రాసిపెడితే రేపు పిల్లల పెళ్లిళ్లకు అడ్డొస్తుందన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఆ భయం తీసిపారేయదగినది కాదు. జీవించి ఉన్నవారి ఆరోగ్య వివరాలు వారి అనుమతితోనే రాయాలి, వేరే ఫైల్లో ఉంచాలి, అందరికీ కనిపించే వెబ్‌సైట్లలో ఎక్కించకూడదు. కానీ దాచడానికీ, అసలు రాయకపోవడానికీ తేడా ఉంది. దాచినది అవసరానికి తీయవచ్చు. రాయనిది చెప్పగలిగిన మనిషితోనే పోతుంది.

సంక్రాంతికి అందరూ ఒకచోట చేరినప్పుడు ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, మాటలు రికార్డు చేసే ఒక ఫోను ఉంటే పని మొదలుపెట్టవచ్చు. మొదటి సంఖ్య ఇంట్లో అందరికంటే పెద్దావిడకు ఇవ్వాలి. ఆమెను మొదట అడగాల్సింది ఆమె పుట్టింటివారి పేర్లు.