గొర్రెపిల్లల మనుగడే మందకు బలం

2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలు ఉండగా, వాటిలో దాదాపు సగం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోనే ఉన్నాయి. తెలంగాణలో 2017లో ప్రారంభమైన పంపిణీ పథకం కింద 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు అందజేశారు. అయితే పంపిణీ అయిన గొర్రెల సంఖ్య కంటే, వాటికి పుట్టి బతికి బట్టకట్టిన పిల్లల సంఖ్యే కాపరి ఆదాయాన్ని నిర్ణయిస్తుంది.

పుట్టినప్పటి బరువు పిల్ల మనుగడకు తొలి కొలమానం. కవల పిల్లలు, తొలి ఈత పిల్లలు సాధారణంగా తక్కువ బరువుతో పుడతాయి. చూడి చివరి నెలన్నరలో తల్లికి అదనపు దాణా, పుట్టిన గంట రెండు గంటలలోపు పిల్లకు ముర్రుపాలు అందితే మరణాలు తగ్గుతాయి. చిటుకు రోగం, పారుడు రోగం టీకాలు, నట్టల నివారణ మందు సకాలంలో వేయించడం అంతే ముఖ్యం.

ఎదుగుదల పెంచే ఉద్దేశంతో గతంలో పలమనేరు పరిశోధన కేంద్రంలో నెల్లూరు జాతిని డార్సెట్, సఫోక్ విదేశీ జాతులతో సంకరపరిచారు. సంకరజాతి పిల్లకు తండ్రి నుంచి ఎదుగుదల గుణం సంక్రమించినా, మేత చాలనిచోట అది ఫలించదు. ఎండకు, దూరపు మేపుకు అలవాటుపడిన నెల్లూరు, దక్కని స్వజాతి మందలకు ఈ ఇబ్బంది తక్కువ.

కనుక జాతి ఎంపికకు ముందు మేత, నీరు, పశువైద్యం సమకూర్చడం అవసరం. పథకాల సమీక్షలో, పాలు మరిచే మూడు నెలల వయసు వరకు బతికిన పిల్లల లెక్కను కూడా నమోదు చేస్తేనే వెచ్చించిన ప్రజాధనానికి దక్కిన ఫలితం స్పష్టమవుతుంది.